అడ్డతెర ముందు స్టూలు

అతని పని తలుపు బయట కూర్చోవడం. తలుపు లోపలి మనిషి మారుతూ వచ్చాడు. బల్ల మారింది, కుర్చీ మారింది, గోడల రంగు మారింది. బయటి స్టూలు మారలేదు. దాని మీద అతనూ మారలేదు.

బంట్రోతు అనేది కాగితం మీది మాట. అందరూ అతన్ని మీటింగు అనేవారు. ఎవరొచ్చి ఏమడిగినా తల ఎత్తకుండా "సార్ మీటింగులో ఉన్నారు" అనేవాడు గనక. చాలాసార్లు సార్ నిద్రలో ఉండేవాడు. కాళ్లు బల్ల మీద, పేపరు ముఖం మీద. ఒక సార్ గోళ్లు కత్తిరించుకునేవాడు. ఇంకొకాయన అసలు గదిలోనే ఉండేవాడు కాదు. కుర్చీకి కోటు తగిలించి, ఫ్యాను తిరగనిచ్చి, వెనక తలుపు గుండా ఇంటికి వెళ్లిపోయేవాడు. ఆ ఖాళీ గదికి మీటింగు సాయంత్రం దాకా కాపలా కాసేవాడు. నిండు గదికి కాసినదానికంటే ఎక్కువ శ్రద్ధగా కాసేవాడు. నిండు గదిలోకి ఎవడైనా తోసుకుపోతే సార్ తిడతాడు, అంతే. ఖాళీ గదిలోకి పోతే మీటింగు బతుకే బయటపడుతుంది.

ఈ రహస్యం అతనికి ఏనాడూ బరువు కాలేదు. అదే అతని వెన్నెముక. బెంచీల మీద కాగితాలు నలుపుకుంటూ కూర్చున్నవాళ్లంతా లోపల ఏదో ఉందనుకునేవారు. లేదని తెలిసినవాడు అతనొక్కడే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు లేడు, పూజారి ఒక్కడే. అయినా వ్యవహారం నడిచింది.

ఇంట్లోనూ అతను గుమ్మం దగ్గరే కూర్చునేవాడు. పెళ్లైన కొత్తలో అత్తగారు కూతుర్ని చూడ్డానికి వస్తే, "ఎవరు కావాలి?" అన్నాడని బంధువుల్లో ఒక కథ ఉంది. అది అబద్ధమని అతనంటాడు. నిజమేనని అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది.

రిటైరైన రోజు ఆఫీసువాళ్లు గోడ గడియారం ఇవ్వబోయారు. అతను స్టూలు అడిగాడు. వాళ్లు నవ్వి ఇచ్చేశారు. ఇనప స్టూలు. సీటు మధ్యలో అతని ఆకారానికి పల్లం పడింది. దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి గుమ్మంలో వేశాడు. అయితే ఆ గుమ్మానికి అతని కోసం ఎవరూ రాలేదు. వచ్చేవాళ్లంతా భార్య కోసం వచ్చేవాళ్లే.

ఆమె దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన మిషను. కిటికీ తెరలు, దిండు గలీబులు, స్కూలు యూనిఫారాలు కుట్టేది. ఆమెకి వినికిడి కొంచెం కొంచెంగా పోయింది. చివరికి మిషను చప్పుడు కూడా చెవితో కాక అరచేత్తో తెలుసుకునేది. మనుషుల మాటలు పెదాల మీద చదువుకునేది. గొణిగేవాళ్లు, గుబురు మీసాలవాళ్లు, పక్కకి తిరిగి మాట్లాడేవాళ్లు ఆమెకి లేనట్టే. మొగుడు జీవితమంతా తల ఎత్తకుండా మాట్లాడినవాడు గనక అతను చెప్పిన వాటిలో సగం ఆమెకి చేరనే లేదు. పెద్ద నష్టమేమీ జరగలేదు.

వారానికొకసారి ఇద్దరూ ప్రార్థన హాలుకి వెళ్లేవారు. ఒకప్పుడు అది గోదాము. రేకుల కప్పు, గచ్చు నేల, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. మొదటి వరసలో ఎడమ చివరి కుర్చీ ఆమెది. పాస్టరుగారి నోటికి సూటిగా ఎదురుగా ఉండేది. అది ఆమె కుర్చీ అని ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ కాదనలేదు. వారమంతా ఆమె వినే మాటలు కొలతలే. పొడవెంత, నడుమెంత, చెయ్యెంత. ఆ ఒక్క పూట ఎవరో ఆమెకి కొలత కాని మాట చెప్పేవారు. ఆమె దాన్ని పెదాల మీంచి నేరుగా తీసుకుని ఇంటికి తెచ్చుకునేది. మిషను తొక్కుతూ అదే వారమంతా నెమరేసేది.

ఇలా ఉండగా పాస్టరుగారు ఎక్కడో సదస్సుకి వెళ్లి ఒక పటం చంకన పెట్టుకొచ్చారు. మనిషి చిన్నవాడు. ఇస్త్రీ నలగనివాడు. పటంలో ఇశ్రాయేలీయులు ఎడారిలో మోసుకు తిరిగిన ప్రత్యక్ష గుడారం ఉంది. బయట ఆవరణం, అందులో బలిపీఠం, కడుక్కోవడానికి ఇత్తడి గంగాళం. తర్వాత దీపమూ రొట్టెల బల్లా ఉండే పరిశుద్ధ స్థలం. తర్వాత అడ్డతెర. తెర వెనక అతి పరిశుద్ధ స్థలం. అందులోకి ప్రధాన యాజకుడొక్కడే, ఏడాదికి ఒక్కసారి, రక్తం పట్టుకుని వెళ్తాడు. ఇంకెవరు అడుగుపెట్టినా, తొంగిచూసినా చావే.

పాఠాలు చెడ్డవి కావు. ఆ మాట ఒప్పుకోవాలి. ఇవన్నీ దారి చూపించే వేళ్లు మాత్రమేనని ఆయన చెప్పారు. బలిపీఠం సిలువని చూపిస్తుంది, గంగాళం కడగబడ్డ మనసుని, తెర క్రీస్తు శరీరాన్ని. ఆయన ప్రాణం విడిచిన క్షణాన ఆలయపు తెర పైనుంచి కింది దాకా చిరిగింది. పైనుంచి చిరిగింది గనక చింపింది మనిషి కాదు. ఆ తర్వాత లోపలివాళ్లు, బయటివాళ్లు అనేది లేదు. ఇంతవరకు చెప్పి ఊరుకుంటే పోయేది. కానీ జనానికి చూపించిన వేలు చాలదు. ఆ వేలికి ఉంగరం తొడిగితే గాని తృప్తి ఉండదు.

ఉంగరం తొడిగినవాడు సంఘపెద్ద. మీటింగుకి స్వయానా బావమరిది, దర్జీకి తమ్ముడు. పెయింట్ల షాపు ఉంది. వారానికొక వస్తువు చేసి హాల్లో పెడితే పాఠం కళ్లకి కడుతుందన్నాడు. రేకు పెట్టె బలిపీఠమైంది. ప్లాస్టిక్ తొట్టికి ఇత్తడి రంగు పూస్తే గంగాళమైంది. రంగు నీళ్లలో ఊడేది. చెయ్యి కడుక్కున్నవాళ్ల వేళ్లకి బంగారు పొట్టు అంటుకునేది. దాంతో ఎవరు శుద్ధి అయ్యారో బజార్లో కూడా తెలిసిపోయేది. బేకరీ రొట్టె కవరుతో సహా బల్ల మీదికెక్కింది. తెర వెనక ఉండే మందసం, అంటే దేవుడి ఆజ్ఞల పలకలు దాచిన పెట్టె, మాత్రం చెయ్యక్కర్లేదన్నారు పాస్టరుగారు. గుడారం పోయి, మొదటి ఆలయమూ కూలి, రెండోసారి కట్టిన ఆలయంలో మందసం లేదట. తెర వెనక ఉత్త గదేనట. అయినా తెర కట్టారట, యాజకుడు వెళ్లొచ్చాడట. ఈ మాటకి హాల్లో ఎవరూ కదల్లేదు. మీటింగొక్కడే నిటారుగా కూర్చున్నాడు. దేవుడి ఇంట్లోనూ తన ఆఫీసు పద్ధతే ఉందని అతనికి ఆ రోజే తెలిసింది.

అడ్డతెర కుట్టే పని అక్కకి వచ్చింది. నీలం, ఊదా, ఎరుపు గుడ్డలు. మధ్యలో చెరోవైపు ఒక కెరూబు, అంటే రెక్కల దేవదూత. తమ్ముడు వచ్చి చూశాడు.

"అక్కా, ఇది కెరూబా, కోడిపెట్టా?"

"రెక్కలున్నాయిగా," అందామె. "నువ్వు కెరూబుని చూసొచ్చి చెప్పు, సరిచేస్తాను."

ఆ తెర ఊరికే వేలాడటానికి కాదు. చివరి పాఠం రోజున అందరి కళ్లముందూ అది పైనుంచి కిందికి విచ్చుకోవాలి. వెనకనున్న కిటికీ వెలుగు హాల్లో పడాలి. అందుకని ఆమె రెండు ముక్కల్నీ బస్తా మూతి కుట్టుతో కలిపింది. పిండి బస్తా విప్పినవాళ్లందరికీ ఆ కుట్టు తెలుసు. సరైన కొస పట్టుకుని లాగితే మొత్తం ఒక్క ఊపున విడిపోతుంది. కొస పైన ఉంచి, పొడుగు దారం కట్టి, కమ్మీ మీంచి పక్కకి దింపి గోడ మేకుకి చుట్టింది. జీవితంలో ఆమె విప్పడం కోసం కుట్టిన బట్ట అదొక్కటే. మిగతావన్నీ ఊడకుండా కుట్టినవి.

తెర వేలాడింది. చివరి పాఠానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. ఆ వారాల్లో పాస్టరుగారు ముందు నిలబడి బోధించి, ప్రార్థనకి మాత్రం తెర వెనక్కి వెళ్లేవారు. మైకులోంచి గొంతు వచ్చేది, మనిషి కనబడడు. జనం వణికిపోయారు. ఎదురుగా ఉన్నప్పుడు ఆవులించినవాళ్లే గుడ్డలోంచి వచ్చిన గొంతుకి కళ్లు తుడుచుకున్నారు. కుర్చీలు కూడా వాటంతటవే జరిగాయి. పెద్దలు, వాళ్ల ఇళ్లవాళ్లు, పాటల బృందం తెర దగ్గర. మిగతా జనం గంగాళానికి ఇవతల, ఆవరణంలో. అప్పుడు హద్దు చూసుకోవడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. బావమరిది వచ్చి అడిగాడు. అడిగేలోపే స్టూలు అతని భుజం మీద ఉంది.

స్టూలు తెర ముందు పడింది. పల్లంలో అతను సర్దుకున్నాడు. ముఖంలో పాత రంగు వచ్చింది. చేతులు కడుక్కున్నారా అని అడిగాడు. మీ వరస అది కాదన్నాడు. బంగారు పొట్టు అంటిన వేళ్లని తిప్పి తిప్పి చూశాడు. ఆఫీసులో ఉండగా కూడా ఇంత సుఖపడలేదు. అక్కడ తలుపుకి గొళ్లెం ఉండేది. ఇక్కడ గుడ్డ తప్ప ఏమీ లేదు గనక గొళ్లెం కూడా తానే.

ఆ వారం భార్య తన కుర్చీ వైపు నడిచింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవరణం వైపు చూపించాడు. ఆమె అతని పెదాల వంక చూసింది, ఏమైనా అంటాడేమోనని. అతను తల ఎత్తలేదు. ముందు వరసలోంచి తమ్ముడు చూసి కూడా చూడనట్టు పాటల పుస్తకం తిరగేశాడు. ఒకరికి మినహాయిస్తే అందరూ అడుగుతారని తర్వాత అన్నాడు. అందరూ అంటే చెవిటివాళ్లందరా అని ఎవరూ అడగలేదు.

చివరి పాఠం రోజున ఆమె వెనక వరసలో, మేకుకి చుట్టిన దారం మీదే చూపు నిలిపి కూర్చుంది. ముందు రోజు పెద్దలు సమావేశమైన సంగతి ఆమెకి తెలీదు. తెర వచ్చాక హాలు నిండుతోంది. భయం ఉంది, క్రమం ఉంది. ఇంత మంచి తెరని ఒక్క పూట ముచ్చట కోసం విప్పేయడమా? పాస్టరుగారు ఆలోచించారు. ఆలోచిస్తే ఆయనకీ లోపలే బాగుంది. చివరికి ఆ పాఠం చెప్పడానికి కూడా లోపలికే వెళ్లారు. తెర చిరిగిపోయిందని, ఇక అడ్డం లేదని, అందరూ ధైర్యంగా దగ్గరికి రావచ్చని తెర వెనక నిలబడి మైకులో చెప్పారు. జనం ఆమేన్ అన్నారు. లేచి ముందుకి వెళ్లబోయిన ఒక ముసలామెని మీటింగు కూర్చోబెట్టాడు.

ఇంటికొచ్చాక ఏమైందని భార్య అడిగింది. "వాయిదా," అన్నాడు. ఆఫీసు మాట. అర్థం అడగనక్కర్లేని మాట.

అప్పట్నుంచి బోధా తెర వెనకే, ప్రార్థనా తెర వెనకే. వెనక వరసలో ఆమెకి కనిపించేది మెడలూ, మెడల మీంచి తాను కుట్టిన గుడ్డా. కొంతకాలం ఆ గుడ్డ వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత రావడం మానేసింది. ఆ పూట కూడా మిషను తొక్కేది. అతను ఒక్కడే వెళ్లొచ్చేవాడు.

ఒకరోజు అతను తిరిగొచ్చేసరికి ఆమె మిషను ఆపింది.

"ఇవాళ ఏం చెప్పారండీ?"

"మంచి మాటలే చెప్పారు."

"ఏ మాటలు?"

"ప్రేమ గురించి."

"ప్రేమ గురించి ఏమని?"

అతనికి తెలీదు. అంతసేపూ అతను వరసలు చూశాడు. ఎవడు కదిలాడు, ఎవడు గీత దాటాడు. మాటలు అతని వీపు వెనక పుట్టి, తల మీంచి పోయాయి.

"పోనీ, లోపల ఏముంది? అదైనా చెప్పండి."

"అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు."

ఆమె ఆ పెదాల్ని కాసేపు అలాగే చూసింది. "ఆ మాట మీ నోట్లో చక్కగా కుదురుతుంది," అంది. "ఏళ్ల తరబడి అన్న మాటే కదా." గుడ్డ మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది. "నాకున్నది ఆ ఒక్క కుర్చీయేనండీ."

"నాకు మాత్రం ఏముందే, ఈ స్టూలు తప్ప," అన్నాడు. ఈసారి తల ఎత్తి అన్నాడు. అందుకని ఆమెకి చేరింది. ఆ ఒక్క మాటకి అతను కొంత మనిషిలా కనిపించాడు. ఎక్కువసేపు కాదు. మర్నాడే స్టూలు కాళ్లకి రబ్బరు తొడుగులు కొనుక్కొచ్చాడు.

అంతలో తమ్ముడు వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు.

"అక్కా, ఆ దారం చూస్తే నాకు ముద్ద దిగట్లేదు. పొరపాటున ఎవడి చెయ్యి తగిలినా మన పరువు పిండి బస్తాలా విచ్చుకుంటుంది. దాన్ని తెంపేసి గట్టి కుట్టు వేసెయ్."

"విప్పడానికని చెప్పి కుట్టించావు కదరా."

"విప్పుతాం. విప్పం అన్నానా ఏంటి? సమయం రావాలి. తెర ఉంటే భయం ఉంటుందక్కా. భయం ఉంటే భక్తి ఉంటుంది."

"తెర ఉంటే నీకు ముందు వరస ఉంటుంది."

తమ్ముడు నవ్వేశాడు. చెవులకి పోయిన పదునంతా నాలుక్కి వచ్చిందన్నాడు. వచ్చే ఆరాధనకి వచ్చి, జనం వెళ్లాక ఆ పనేదో చేసిపెట్టమన్నాడు. వస్తానందామె. జనం వెళ్లాక అన్న ముక్క మాత్రం అతను చెప్పులేసుకుంటూ, తల వంచి అన్నాడు.

ఆ వారం ఆమె సూదుల డబ్బా పట్టుకుని వచ్చింది. ఆరాధన సగంలో ఉంది. మైకులో గొంతు కరుణాపీఠం గురించి, సమీపించరాని తేజస్సు గురించి సాగుతోంది. ఆమె గంగాళంలో చేతులు కడుక్కుంది, పద్ధతి ప్రకారం. వరసల మధ్య నడిచింది. చేతిలో డబ్బా చూసి జనం దారిచ్చారు. తెర దగ్గరికొచ్చి స్టూలు ముందు ఆగింది.

మీటింగు లేచాడు. ఆ స్టూలు మీద ఉండగా అతను ఎవరికీ లేచినవాడు కాదు.

"లోపల ఎవరున్నారండీ?" అంది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకి తెలీదు గనక హాలంతా విన్నది. మెడలన్నీ తిరిగాయి. ముందు వరసలో తమ్ముడు సగం లేచి, "బావా, చూసుకో," అన్నాడు.

అతను నోరు తెరిచాడు. మాట సిద్ధంగానే ఉంది. అరిగి నున్నబడి, తనంతట తాను దొర్లే మాట. కానీ ఆమె అతని పెదాల వంక చూస్తోంది. ఇన్నేళ్లలో ఆ స్టూలు ముందు నిలబడి అతని ముఖం చూసి జవాబు అడిగినవాళ్లు లేరు. అందరూ అతని తల మీంచి తలుపు వంక చూశారు. తలుపు వంక చూసేవాడికి అబద్ధం చెప్పడం తేలిక. అది తలుపు చెప్పినట్టే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. పెదాలతో ఒక్కో అక్షరం చేసి, ఆమె కళ్లలో పెట్టాలి.

అతను గొంతు తియ్యలేదు. ఉత్త పెదాలు కదిపాడు.

"ఏమీ లేదే. కుర్చీ. ఫ్యాను."

హాల్లో ఎవరూ వినలేదు. వినవలసిన మనిషి ఒక్కతే, ఆమెకి అందింది. అతను స్టూలు పక్కకి జరిపి, మేకుకి చుట్టిన దారం విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె లాగింది. కుట్టు పైనుంచి కిందికి పరపరా విడిపోయింది. కోడిపెట్ట లాంటి కెరూబు ఒకటి ఇటు, ఒకటి అటు వాలింది. లోపల పాస్టరుగారు ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. చొక్కా పై బొత్తాలు విప్పుకుని, చెప్పులు వదిలేసి, అరికాళ్లు టేబులు ఫ్యానుకి ఆరబెట్టుకుంటూ, ఫోనులో చూసి ప్రార్థన చదువుతున్నారు. ఆయన చూసుకునేలోపు సమీపించరాని తేజస్సు ఇంకో వాక్యం ముందుకి నడిచింది.

అందులోకి తొంగిచూసినవాళ్లు చస్తారని పాఠంలో ఉంది. ఎవరూ చావలేదు. ఫ్యాను ఇటు తిరిగింది, అటు తిరిగింది. కిటికీ వెలుగు గచ్చు మీద పడింది. ముందు వరసవాళ్లు కళ్లు మూసుకున్నారు, భక్తితో కాదు.

సిగ్గుపడ్డారనుకుంటే పొరపాటు. అదే నెలలో బావమరిది ప్లైవుడ్ తలుపు చేయించాడు. దానికి నీలం, ఊదా, ఎరుపు రంగులు స్వయంగా వేశాడు. గుడ్డ బలహీనమైనదని, ఈ తలుపు దైవ చిత్తమని పాస్టరుగారు దాని వెనకనుంచి బోధించారు. జనం ఆమేన్ అన్నారు. అక్కతో తమ్ముడు మాట్లాడటం మానేశాడు. అసలు ముక్కలు ఎలాగూ తల వంచే అనేవాడు గనక ఆమెకి పెద్ద తేడా తెలియలేదు. తలుపుకి లోపలినుంచి గడియ ఉంది. బయట కాపలా అక్కర్లేదు.

మీటింగుకి పని పోయింది. ఇనప స్టూలు మాత్రం అతనిదే. ఇప్పుడు అది వెనక వరసలో, ఆమె కుర్చీకి ఎదురుగా ఉంటుంది. అతను ఆమెకి ముఖం పెట్టి కూర్చుంటాడు. తలుపుకి వీపు, ఎప్పటిలాగే. మైకులో వచ్చిన ప్రతి మాటా పెదాలతో తిరిగి ఆమెకి చెబుతాడు. చెప్పాలి గనక వినాల్సి వచ్చింది. ఈ వయసులో ఒక బోధ మొత్తం వినడం అతనికి అదే మొదలు. వింటుంటే కొన్ని మాటలు తిరిగి చెప్పడానికి అతనికే సిగ్గేస్తుంది. అయినా కత్తిరించడు, కలపడు.

మొన్న ఆరాధన అయ్యాక ఆమె అడిగింది.

"ఇంతేనా చెప్పింది?"

"ఇంతే."

"తెర ఉన్నప్పుడు కూడా ఇంతేనా?"

అతను స్టూలు ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. ఆమెకి పెదాలు కనబడేలా ఆగి, తిరిగి చూశాడు.

"నాకేం తెలుసే. అప్పుడు నేను కాపలా కాస్తున్నానుగా."